మట్టి తెస్తావా మామయ్యా?

చైనా వెళ్తున్నానని తెలియగానే మా ఇంట్లో తలా ఒక జాబితా తయారుచేశారు. బావగారికి గ్రీన్ టీ. అక్కయ్యకి పట్టు శాలువా. మా ఆవిడ మాత్రం "నాకేమీ వద్దు, మీరు క్షేమంగా వస్తే చాలు" అంది. అంటే అందరికంటే ఖరీదైనది ఆవిడకే తేవాలన్నమాట! అన్ని జాబితాలూ జేబులో పెట్టుకున్నాక అక్కయ్య కూతురు మెల్లగా పక్కకొచ్చి, "మామయ్యా, నాకు చిటికెడు మట్టి తెస్తావా?" అంది.

"మట్టేమిటే?" అన్నాను.

చెప్పింది. షియాన్ నగరానికి పడమటగా మావెయ్ అనే చోట యాంగ్ గుయ్‌ఫెయ్ అనే జగదేకసుందరి సమాధి ఉందిట. ఆ సమాధి మీది మట్టి తెల్లగా ఉంటుందిట. రాసుకుంటే మొహం తెల్లబడి నిగనిగలాడుతుందిట. ఎక్కడో చదివింది. నవ్వుతూనే అడిగింది గానీ, ఆ నవ్వు వెనక సంగతి నాకు తెలుసు.

పదకొండేళ్ళు కూచిపూడి నేర్చిన పిల్ల అది. కళ్ళతోనే కథ చెప్పేస్తుంది. నెల్లాళ్ళ క్రితం ఏదో సీరియల్‌కి ఆడిషన్ ఉందంటే వెళ్ళింది. నవ్వమంటే నవ్వింది, ఏడవమంటే ఏడ్చింది, చెయ్యమన్నదల్లా చేసి చూపించింది. చివర్న అక్కడున్న ఒకాయన "బాగా చేశావమ్మా... కలర్ ఒక్కటే కాస్త..." అని ఆ మాటను అక్కడే వదిలేశాడట. ఆయన వదిలేసినా అది వదల్లేదు. పిల్లతోపాటు ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుంది. ఆ మర్నాడే గజ్జెలు అటకెక్కాయి.

"సరేలే, తెస్తాను" అన్నాను. ఇంకేమంటాం?

నిజానికి ఆ పేరు నాకు కొత్త కాదు. కుర్రతనంలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేసిన జపాను సినిమాలో ఆమెను చూశాను. మిజోగుచి 1955లో తీసిన రంగుల చిత్రం. పేరు ‘యోకిహి’. యాంగ్ గుయ్‌ఫెయ్ పేరును జపాను వాళ్ళు అలా పలుకుతారు. ‘రషోమన్’లో వేసిన మచికో క్యో అందులో నాయిక. కథంతా మరిచిపోయాను గానీ, ఆమెను చంపడానికి తీసుకుపోయే ఘట్టం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఉరి చూపించడు. గావుకేక వినిపించడు. కెమెరా నేలమీదికి దిగి ఆమె అడుగుల వెంట నడుస్తుంది. పైవస్త్రం జారుతుంది. నగలు రాలుతాయి. అంతే! ఆ రాత్రి సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తూ, ‘ఇంతకీ ఈమె చేసిన తప్పేమిటి?’ అని ఆలోచించాను. జవాబు దొరకలేదు. అది దొరుకుతుందేమోనన్న ఆశ కూడా నన్ను షియాన్ రైలెక్కించింది.

పాఠకులకు ముందుగా ఓ మాట చెప్పాలి. మనకు పంచపాండవుల పేర్లెంత కొట్టినపిండో, చైనా వాళ్ళకు నలుగురు మహా సౌందర్యవతుల పేర్లు అంత. చేపలు మునిగిపోయాయి, అడవిబాతులు రాలిపోయాయి, చంద్రుడు దాక్కున్నాడు, పూలు సిగ్గుపడ్డాయి... ఈ నాలుగూ ఆ నలుగురి అందానికి పెట్టిన బిరుదులు. మన కవులు ముక్కూ మొహం కళ్ళూ నడుమూ విడివిడిగా వర్ణిస్తారు కదా, వాళ్ళు ఆ గొడవే పెట్టుకోలేదు. ఆమెను చూసి ఎవరేమైపోయారో చెప్పి ఊరుకుంటారు. మిగతాది మన ఊహ!

చేపల్ని ముంచినది షీ షి. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో యువె రాజ్యపు పల్లెలో, వాగు ఒడ్డున పట్టు ఉతుక్కునే పిల్ల. నీళ్ళలోకి వంగితే చేపలు ఆమెను చూస్తూ ఈదడం మరిచిపోయేవట. అప్పుడప్పుడు గుండెల్లో నొప్పి వచ్చి కనుబొమలు ముడిచేది. ఆ ముడి కూడా ముద్దుగానే ఉండేది. అది చూసి ఆ ఊరి ఇంకో పిల్ల తనూ మొహం ముడుచుకుని వీధిలో తిరిగితే, జనం తలుపులు బిడాయించుకున్నారని ఒక కథ. (హీరోయిన్ జడ చూసి జడ, జాకెట్టు చూసి జాకెట్టు కుట్టించుకునే చెల్లెమ్మలు కోప్పడకండి, కథ నాది కాదు.) యుద్ధంలో ఓడిన యువె రాజు ఆమెను వెతికి తెప్పించి, గెలిచిన వూ రాజుకు కానుకగా పంపించాడు. ఆయన ఆమె మోజులో పడి రాజ్యం సంగతి మరిచిపోయాడట. క్రీ.పూ. 473లో వూ రాజ్యం కాస్తా కూలిపోయింది.

బాతుల్ని రాల్చినది వాంగ్ ఝావ్‌జున్. ఈమె కథ వింటే సినిమావాళ్ళెవరైనా నవ్వి, ఆ తర్వాత ఆలోచనలో పడతారు. హాన్ చక్రవర్తి అంతఃపురంలో వందలకొద్దీ అమ్మాయిలు. అందర్నీ ఎక్కడ చూస్తాడు? చిత్రకారుడి చేత బొమ్మలు వేయించుకుని ఆ బొమ్మలు చూసి పిలిపించేవాడట. ఆ చిత్రకారుడికి అందరూ మామూళ్ళు ఇచ్చుకున్నారు. ఈమె ఇవ్వలేదు. ఆయనగారు ఈమెను అనాకారిగా గీసి పారేశాడు. చక్రవర్తి పిలవనూ లేదు, చూడనూ లేదు. క్రీ.పూ. 33లో ఉత్తరాది షియుంగ్‌నూ రాజు పిల్లనడగడానికి వస్తే, ‘బొమ్మలో బాగాలేని పిల్లేగా’ అని ఈమెను ఇచ్చేశాడు. సాగనంపేటప్పుడు మొదటిసారి ఆమె మొహం చూశాడు. చూసి లబోదిబోమని ఆ చిత్రకారుడి తల తీయించాడట. స్టిల్ ఫోటోగ్రాఫర్ చేతిలో తారల భవిష్యత్తు ఉంటుందని మనవాళ్ళు ఊరికే అనలేదు! చిత్రకారుడిది కథే కావచ్చు గానీ, ఆ పెళ్ళి మాత్రం చరిత్ర. ఇన్నర్ మంగోలియాలో హూహ్‌హోట్ దగ్గర ఆమె సమాధి అని చెప్పే పచ్చని దిబ్బ ఇప్పటికీ ఉంది.

చంద్రుణ్ణి దాచినది దియావ్ ఛాన్. ఈమె అసలు పుట్టనే లేదు! మూడు రాజ్యాల కథలో పుట్టిన పాత్ర. దుర్మార్గుడైన దోంగ్ జువోకీ, అతని పెంపుడు కొడుకు లూ బూకీ ఇద్దరికీ ఈమెను ఆశచూపి, తండ్రీకొడుకుల మధ్య చిచ్చుపెట్టించాడొక మంత్రి. క్రీ.శ. 192లో లూ బూ చేతిలోనే దోంగ్ జువో చచ్చాడు. ఆ చావు నిజం. ఈమె మాత్రం కల్పన.

ఈ నలుగురినీ వెండితెరకెక్కించిన ఘనుడు ఒక్కడే ఉన్నాడు. హాంకాంగ్ దర్శకుడు లీ హాన్‌షియాంగ్. 1958లో దియావ్ ఛాన్, 1962లో యాంగ్ గుయ్‌ఫెయ్, 1964లో ఝావ్‌జున్, 1965లో షీ షి. వీటిలో దియావ్ ఛాన్, ఝావ్‌జున్ వేషాలు వేసిన లిండా లిన్ దాయ్ ఆ రోజుల్లో హాంకాంగ్‌ని ఊపేసిన తార. 1964లో, ఇరవై తొమ్మిదో ఏట, ఆత్మహత్య చేసుకుంది. ఆ వార్త తలుచుకున్నప్పుడల్లా మనవాళ్ళే ఇద్దరు ముగ్గురు గుర్తొస్తారు. పోనీండి, ఆ సంగతి ఇప్పుడెందుకు!

పూల చేత సిగ్గుపడేలా చేసిన నాలుగో ఆమె కోసమే నేను వెళ్ళింది.

షియాన్ స్టేషన్‌లో నాకోసం మా ఊరి కుర్రాడు కాచుకుని ఉన్నాడు. వైద్యం చదవడానికని ఆ దేశం వెళ్ళి, ఆ భాష ఒంటబట్టాక వ్యాపారంలోకి దిగిపోయినవాడు. "బాబాయ్, ముందు మ్యూజియం చూడు. ఆ తర్వాతే మీ హీరోయిన్ దగ్గరికి పోదాం" అన్నాడు. ఎందుకన్నాడో లోపలికి వెళ్ళాక తెలిసింది.

షియాన్ అంటే పాతకాలపు ఛాంగాన్. తాంగ్ చక్రవర్తుల రాజధాని. మన దేశం వచ్చి, ఇక్కడి ధాన్యకటకంలో కొన్నాళ్ళుండి చదువుకుని వెళ్ళిన హ్యూయెన్‌త్సాంగ్ తన గ్రంథాలు దాచుకోవడానికి కట్టించిన గోపురం ఇప్పటికీ ఆ ఊళ్ళో నిలబడి ఉంది. అమరావతి పక్కనుంచి వచ్చినవాడిని కాబట్టి దానికో నమస్కారం పెట్టి మ్యూజియంలోకి నడిచాను.

లోపల అద్దాల వెనక మట్టిబొమ్మలు. తాంగ్ కాలపు దొరసానులు. ఒక్కొక్కరూ ఎంత బొద్దుగా ఉన్నారనుకున్నారు! పూరీల్లాంటి బుగ్గలు, రెండు మడతల గడ్డం, వదులుగా ఓ పక్కకు జారిన కొప్పు, భుజాలనుంచి కాళ్ళదాకా పొంగినట్టున్న గౌను. సన్నని నడుము అన్నది ఒక్క బొమ్మకీ లేదు. వాళ్ళ మొహాల్లో మాత్రం ఏం దర్జా! ఏం నిబ్బరం! ‘మమ్మల్ని చూడ్డానికి మీరొచ్చారు గానీ మిమ్మల్ని చూడాల్సిన అవసరం మాకు లేదు’ అన్నట్టు నిలబడ్డారు.

"ఇదీ బాబాయ్ ఆ కాలపు అందం. గుయ్‌ఫెయ్ కూడా బొద్దుగానే ఉండేదిట" అన్నాడు కుర్రాడు.

నాకు వెంటనే సావిత్రి గుర్తొచ్చింది. ‘మాయాబజార్’లో ఆ బుగ్గలు, ఆ చేతులు చూసి ఒక్కరైనా లావన్నారా? ఈనాటి నాయికలు అన్నం మాని ఆకులు తింటున్నారు. తాంగ్ కాలంలో పుట్టి ఉంటే వాళ్ళకు చెలికత్తె వేషాలు కూడా దొరికేవి కావు! గుయ్‌ఫెయ్‌కి ముగ్గురు అక్కలుండేవారు. వాళ్ళలో ఒకామె పౌడరు గిౌడరు పూసుకోకుండా, కడిగిన మొహంతోనే చక్రవర్తి ముందుకు వెళ్ళేదని ప్రతీతి. మేకప్ లేకుండా కెమెరా ముందుకు రావడమన్నమాట! మేనకోడలి కోసం ఒక బొద్దు దొరసాని బొమ్మ కొన్నాను, అరచేతిలో ఇమిడేంతది.

మర్నాడు మెట్రో రైలు 9వ లైనులో హువాచింగ్ వెళ్ళాం. షియాన్‌కి తూర్పున ముప్ఫై కిలోమీటర్ల దూరం. 1974లో మట్టి సైనికులు బయటపడిన చోటు కూడా ఆ పక్కనే. అక్టోబరు నెల కావడం వల్ల స్టేషన్ బయట దారిపొడుగునా దానిమ్మపళ్ళ గుట్టలు. ఆ ప్రాంతం దానిమ్మకు పేరు. అమ్మే ముసలమ్మ ఒక పండు చీల్చి గింజలు చేతిలో పోసి, "గుయ్‌ఫెయ్ తిన్న పళ్ళు" అంది. ఆ ఊళ్ళో ఏది అమ్మినా గుయ్‌ఫెయ్ తిన్నదే, గుయ్‌ఫెయ్ తాగినదే, గుయ్‌ఫెయ్ పూసుకున్నదే!

లీషాన్ కొండ కింద వేడినీటి ఊటలు. నీళ్ళు 43 డిగ్రీల వేడితో ఊరుతూనే ఉంటాయి. చలికాలం వస్తే షువాన్‌జుంగ్ చక్రవర్తి పరివారంతో ఇక్కడికి మకాం మార్చేవాడు. నేలలో పూడిపోయిన ఆనాటి స్నానపు తొట్లు 1982 ప్రాంతంలో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇప్పుడు వాటిమీద కప్పు కట్టి చూపిస్తున్నారు. చక్రవర్తిది పెద్ద కొలనంత ఉంది. ఆమెది చిన్నది, రేకులు విచ్చిన పువ్వు ఆకారంలో, రెండు మెట్లుగా దిగిన రాతి తొట్టి. నీళ్ళు లేవు. అడుగున జనం విసిరిన నాణేలు, నోట్లు. బయట తోటలో మాత్రం స్నానం చేసి లేస్తున్నట్టు ఆమె పాలరాతి విగ్రహం. దాని దగ్గర ఫోటోల కోసం తోపులాట. చూడబోతే ఆ విగ్రహంలో మ్యూజియం దొరసానుల పోలిక ఒక్కటీ లేదు. సన్నని నడుము, సన్నని మెడ, అచ్చం ఈనాటి మోడల్! ఆమె అసలు రూపం చూసి వేసిన చిత్రం ఒక్కటీ ఇప్పుడు లేదు. అందుకని ఎవరికి కావలసిన మొహం వాళ్ళు పెట్టేసుకున్నారు.

ఇంతకీ కథ. ఆమె పేరు యూహువాన్. 719లో పుట్టింది. పదహారేళ్ళకే పెళ్ళయింది. ఎవరితో? చక్రవర్తితో కాదండోయ్... చక్రవర్తి కొడుకుతో! కోడలన్నమాట. ముసలాయన కన్ను ఆమె మీద పడింది. లోకం ఏమనుకుంటుందోనని ముందు ఆమెను దావో సన్యాసినిగా మార్చారు. కొన్నేళ్ళు గడిచాక, 745లో, ‘గుయ్‌ఫెయ్’ అనే బిరుదుతో అంతఃపురానికి తెచ్చుకున్నాడు. ఆయనకు అరవై, ఆమెకు ఇరవయ్యారు. మొదటి మొగుడికి ఇంకో పిల్లను చూసి కట్టబెట్టారు. ఆమెను ఎవరైనా ‘నీకిష్టమేనా?’ అని అడిగారా అంటే, అంత పెద్ద చరిత్ర గ్రంథాల్లోనూ ఆ ప్రశ్న లేదు.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ ఇద్దర్నీ కలిపింది అందం ఒక్కటే కాదు. ఆయన సంగీతం పిచ్చివాడు. స్వయంగా డోలు వాయించేవాడు. రాజధానిలో బేరితోటలో వందలమంది వాద్యగాళ్ళకీ నాట్యగత్తెలకీ తనే శిక్షణ ఇప్పించాడు. ఈనాటికీ చైనాలో నాటకాల వాళ్ళను ‘బేరితోట శిష్యులు’ అంటారు. ఒక విధంగా ఆ దేశపు మొదటి నాటక కంపెనీ ప్రొప్రయిటరు ఆయనే! ఆమె పీపా వాయించేది, నాట్యం చేసేది. ఇంద్రధనుస్సు పావడా, ఈకల అంగీ అనే నాట్యానికి ఆమె పెట్టింది పేరు. ఆ బాణీకి మొదట ‘బ్రాహ్మణ’ అని పేరుండేదనీ, మన దేశం నుంచి మధ్య ఆసియా మీదుగా అక్కడికి చేరిందనీ చెబుతారు. వింటుంటే నాకెందుకో మా అటకమీది గజ్జెలు గుర్తొచ్చాయి.

ఆమెకు లిచీ పళ్ళంటే ప్రాణం. అవి కాసేది ఎక్కడో దక్షిణాన. కోసిన మూడు రోజులకే రుచి పోతుంది. అందుకని మజిలీ మజిలీకీ గుర్రాలు మార్చుకుంటూ రౌతులు పగలూ రాత్రీ పరిగెత్తి తెచ్చేవారట. ఆ గుర్రాల దుమ్ము చూసి జనం ఏదో యుద్ధ సమాచారం వస్తోందనుకునేవాళ్ళట, వచ్చేవి పళ్ళు! తర్వాతి కవులు ఈ పళ్ళ మీద ఎన్ని పద్యాలు దులిపారో! గుర్రాలు చచ్చాయన్నారు, రౌతులు చచ్చారన్నారు. గుర్రాలను పంపించే అధికారం ఎవరి చేతిలో ఉందో మాత్రం మెల్లగా దాటేశారు. లిచీల్లో ఒక రకానికి ఈనాటికీ ‘రాణిగారి నవ్వు’ అనే అర్థం వచ్చే పేరుంది.

రాత్రి అదే కొండ నేపథ్యంగా, కొలను మీద ఆమె కథను నాట్యనాటకంగా వేస్తారు. కొండమీద దీపాలు చుక్కల్లా వెలుగుతాయి. నీళ్ళలోంచి రంగస్థలం పైకి లేస్తుంది. మన భారీ సెట్టింగుల దర్శకులు చూస్తే అసూయపడతారు. ప్రేమ ఘట్టానికి చప్పట్లు మారుమోగాయి. ఆమె చావు రెండు నిమిషాల్లో తేల్చేసి, ఆ వెంటనే స్వర్గంలో ఇద్దర్నీ కలిపేశారు. జనం ఆనందంగా ఇళ్ళకు వెళ్ళారు. (ఈ తోటలోనే 1936 డిసెంబరు 12న చియాంగ్ కైషేక్‌ని సొంత సేనానులే బందీ చేశారు. తుపాకీ గుళ్ళు తగిలిన కిటికీ అద్దాలు చూపించారు. ఆ వైపు పదిమంది కూడా లేరు. అందగత్తె తొట్టి ముందు సేనాపతి ఎంత!)

నాకు ఆ రెండు నిమిషాలు చాలలేదు. మర్నాడు టాక్సీలో మావెయ్ బయల్దేరాం. షియాన్‌కి పడమట అరవై కిలోమీటర్ల పైచిలుకు. షింగ్‌పింగ్ ఊరు దాటాక పొలాలు, ఇటుక ఇళ్ళు, రోడ్డు పక్క ఆరబోసిన మొక్కజొన్న. హువాచింగ్ హడావిడి ఏమీ లేదు.

755 డిసెంబరులో ఆన్ లూషాన్ అనే సేనాపతి తిరగబడ్డాడు. సరిహద్దులో మూడు మండలాల సైన్యాన్ని ఒక్కడి చేతిలో పెట్టింది చక్రవర్తే. అంతకుముందు పదిహేనేళ్ళకు పైగా ఒక జిత్తులమారి ప్రధానమంత్రికి రాజ్యం వదిలేసి పాటలు వింటూ కూర్చున్నదీ చక్రవర్తే. ఆ లూషాన్ మహా స్థూలకాయుడు, మహా మాటకారి. అంతఃపురంలో గుయ్‌ఫెయ్‌కి పెంపుడు కొడుకునని చెప్పుకుని నవ్వించేవాడు. ఆ ప్రధాని పోయాక గుయ్‌ఫెయ్ బంధువు యాంగ్ గువోజోంగ్ ఆ పదవిలోకి వచ్చి పరిస్థితి ఇంకా పాడుచేశాడు. లంచాలూ అహంకారమూ అతగాడివి నిజమే. ఆమె వల్ల పైకి వచ్చాడన్నదీ నిజమే.

756 జూలైలో, డెబ్బై ఒకటో ఏట, చక్రవర్తి తెల్లవారుజామున రాజధాని వదిలి పారిపోయాడు. మావెయ్ మజిలీకి వచ్చేసరికి అంగరక్షక సైనికులకు తిండి లేదు. కడుపు మండింది. ముందు గువోజోంగ్‌ని నరికారు. అయినా కదల్లేదు. ఆమె కూడా చావాలన్నారు. చక్రవర్తి తటపటాయించాడు. అప్పుడు ఆయన నమ్మినబంటు గావ్ లీషి ఏమన్నాడో చరిత్రకారులు రాసిపెట్టారు. ఆమె తప్పేమీ లేని మాట నిజమే గానీ, ఆమె బంధువును చంపిన సైనికులు ఆమె మీ పక్కనుండగా నిశ్చింతగా ఎలా ఉంటారు ప్రభూ, అన్నాడట. ఆ మాట అన్నవాడే ఆమెను అక్కడున్న బౌద్ధమందిరంలోకి తీసుకెళ్ళి, గొంతు బిగించి చంపాడు. శవాన్ని ముంగిట్లో పెట్టి సేనానులకు చూపించారు. వాళ్ళు కవచాలు విప్పి చక్రవర్తికి నమస్కారం చేశారు. ఆమెకు ముప్ఫై ఏడేళ్ళు.

సైకిలు మీద వస్తూ నేనడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ. చంపినవాడే చెప్పాడు, తప్పేమీ లేదని!

ఆమె పోయాక తిరుగుబాటు చల్లారిందా? ఎక్కడ! 763 దాకా సాగింది. ఆన్ లూషాన్‌ని 757లో సొంత కొడుకే చంపించాడు. లక్షల కుటుంబాలు చెట్టుకొకరూ పుట్టకొకరూ అయిపోయాయి. అయినా ‘రాజ్యం కూల్చిన అందం’ అన్న బిరుదు మాత్రం ఆమెకే మిగిలింది. వూ రాజ్యం కూలితే షీ షి వల్ల. దోంగ్ జువో చస్తే దియావ్ ఛాన్ వల్ల. కథలో మగవాడు రాజ్యం ఏలడం మానేసినప్పుడల్లా ఆ పక్కన ఓ అందగత్తెను నిలబెట్టి లైటు ఆమె మీద వేసేస్తారు, మన ఫ్లాపు సినిమాకు హీరోయిన్‌ది ‘ఐరన్ లెగ్’ అని ముద్ర వేసినట్టు.

సమాధి చుట్టూ ప్రాకారం, వరండాల్లో పద్యాలు చెక్కిన రాతిపలకలు. వెయ్యేళ్ళుగా వచ్చిన కవులూ అధికారులూ తలా నాలుగు పంక్తులు చెక్కించిపోయారు. మధ్యలో బోర్లించిన గిన్నెలా సమాధి. చుట్టూ తిరిగి చూశాను. ఎక్కడా మట్టి లేదు! అడుగునుంచి శిఖరం దాకా బూడిదరంగు ఇటుకలు బిగించేశారు.

మా కుర్రాడు కాపలామనిషిని కదిలించాడు. ఆయన నవ్వి చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. పూర్వం ఆడవాళ్ళు మొహానికి రాసుకోవడానికి ఈ మట్టిని గుప్పిళ్ళకొద్దీ పట్టుకుపోయేవారట. వేస్తే తవ్వుకుపోవడం, మళ్ళీ వేస్తే మళ్ళీ తవ్వుకుపోవడం. చివరికి సమాధే మిగలదని ఇటుక కట్టేశారట. ఏ ఊరినుంచి ఎంతమంది పిల్లలు, ఏ మాటలు పడి, ఎవరి అద్దాల ముందునుంచి లేచి ఇక్కడికొచ్చారో! ఇటుకల మధ్య సందుల్లో గోటితో గీకితే కాస్త ధూళి రాలింది. మామూలు పసుపుపచ్చ మట్టి, పొలాల్లో ఉన్నదే. తెల్లగా లేదు. దులిపేసుకున్నాను.

ఆమెను అసలు అక్కడ పెట్టారో లేదో కూడా అనుమానమే. లోపల బట్టలే ఉన్నాయంటారు కొందరు. ఆమె పోయాక అక్కడ ఓ ముసలమ్మకు ఆమె మేజోడు ఒకటి దొరికిందిట. దారినపోయేవాళ్ళకు చూపించి మనిషికి వంద కాసుల చొప్పున వసూలు చేసి లక్షాధికారి అయిందని కథ. అభిమాన తార చేతిరుమాలు వేలం వేసే మనకు ఇది వింతేమీ కాదు. ఆమె చావలేదనీ, దాసీ ఒకతె బదులు చచ్చిందనీ, ఆమె ఓడెక్కి జపాను చేరిందనీ ఇంకో కథ. జపానులో యమగుచి ప్రాంతపు నగతో ఊళ్ళో ఇప్పటికీ ఆమె సమాధిని చూపిస్తారు. నాయిక చస్తే జనం ఒప్పుకోరని క్లైమాక్స్ మార్చి ప్రింట్లు మళ్ళీ పంపించడం మనకూ తెలిసిందేగా!

నాకు మాత్రం చరిత్రలో రాసి ఉన్న ముగింపే నచ్చింది. మర్నాటి సంవత్సరం రాజధానికి తిరిగొచ్చిన ముసలి చక్రవర్తి, ఆమెకు సరైన సమాధి కట్టించాలని రహస్యంగా మనుషుల్ని పంపాడు. తవ్వి చూస్తే ఆ లోకోత్తర సౌందర్యమంతా మట్టిలో కలిసిపోయింది. ఆమె ఎదమీద పెట్టుకున్న చిన్న సుగంధపు సంచి ఒక్కటి చెడకుండా మిగిలింది. దాన్నే తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

ఇల్లు చేరాక జాబితాల ప్రకారం పంపకాలు జరిగాయి. గ్రీన్ టీ బావగారికి చేదుగా ఉందట. మా ఆవిడకు తెచ్చింది ఎంతయిందో ఇక్కడ రాయను. మేనకోడలు చెయ్యి చాపింది. "మట్టేదీ?"

"ఇటుకలు కట్టేశారే" అని ఆ బొద్దు దొరసానిని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈవిడ అందగత్తేనా మామయ్యా? ఆడిషన్‌కి వెళ్తే గుమ్మంలోంచే పంపించేస్తారు" అని పకపకా నవ్వింది. ఈసారి నవ్వు మామూలుగానే ఉంది. తర్వాత కథంతా చెప్పమంది. మావెయ్ దాకా చెప్పాను, మేజోడు చెప్పాను, సంచి చెప్పాను. ఇంద్రధనుస్సు పావడా నాట్యం దగ్గర మాత్రం రెండుసార్లు ఆపి అడిగింది. "అడుగులెలా ఉండేవి? తాళం ఏది? బొమ్మల్లో చేతులెలా పెట్టారు?" నాకేం తెలుసు! జ్ఞాపకం ఉన్నంత మటుకు ఆ మట్టిబొమ్మల్లా చెయ్యి వంచి చూపించబోయాను.

"అబ్బ, అలా కాదు మామయ్యా! భుజం ఎత్తకూడదు" అని లేచి నిలబడింది.